రా ఫైల్ ఎక్కడుంది? ఇంటి స్టూడియోలో ఆడియో దాచుకునే పద్ధతి

భాద్రపదం వచ్చిందంటే హనుమకొండ, కాజీపేట, పరకాల, హుజూరాబాద్ వైపు ఇంటి స్టూడియోలకు తీరిక ఉండదు. ఎంగిలిపూల బతుకమ్మ నాటికి పాట యూట్యూబ్‌లో ఉండాలని అందరికీ తొందరే. ఒక గది, గోడలకు ఫోమ్ షీట్లో పాత బొంతలో, ఒక ల్యాప్‌టాప్, రెండు మైకులు పెట్టుకునే ఆడియో ఇంటర్‌ఫేస్, ఒక కండెన్సర్ మైక్. ఈ మాత్రం సామానుతోనే మంచి పాటలు వస్తున్నాయి. ఏ మైక్ కొనాలి, గొంతుకు రివర్బ్ ఎంత పెట్టాలి అని తెలుగులో చెప్పే వీడియోలు కావలసినన్ని ఉన్నాయి. రికార్డ్ అయిన ఫైళ్లను ఎక్కడ పెట్టాలి, ఏ పేరు పెట్టాలి, ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్న సంగతి మాత్రం ఎవరికి తోచినట్టు వాళ్లు చేసుకుంటున్నారు.

దాని ఫలితం మరుసటి ఏడు తెలుస్తుంది. పాడిన చెల్లె ఫోన్ చేసి "అన్నా, పోయినేడు పాడిన పాటల రెండో చరణం మార్చి మళ్ల పెడదామనుకుంటున్నం, గొంతు ట్రాక్ ఉన్నదా?" అని అడుగుతుంది. కంప్యూటర్‌లో వెతికితే 'ఫైనల్', 'ఫైనల్ న్యూ', 'ఫైనల్ ఓకే లాస్ట్' అని మూడు ఎంపీ3లు కనిపిస్తాయి. ప్రాజెక్ట్ తెరిస్తే సగం ట్రాకులు ఖాళీగా ఉండి, ఫైల్ దొరకడం లేదన్న బాక్స్ వస్తుంది. గొంతు విడిగా ఎక్కడా ఉండదు. మళ్లీ మొత్తం పాడించాలి, మళ్లీ కోరస్‌ను పిలవాలి, మళ్లీ ఖర్చు.

కంప్యూటర్ పాతదైనందుకో, సాఫ్ట్‌వేర్ సరిగా రానందుకో ఇలా జరగదు. ఒక పాట చుట్టూ పుట్టే ఫైళ్లు మూడు రకాలు. ఆ మూడింటినీ ఒకే గంపలో వేస్తున్నాం, చిక్కు అక్కడుంది.

మొదటిది ముడి రికార్డింగ్. స్టూడియోల్లో రా ఫైల్ అంటారు. మైక్ ముందు నోరు తెరిచినప్పుడు పుట్టిన వేవ్ ఫైల్ ఇది. రెండోది ప్రాజెక్ట్ ఫైల్. రీపర్, క్యూబేస్, ఎఫ్ఎల్ స్టూడియో, ఆడాసిటీ లాంటి రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లలో మనం చేసిన కత్తిరింపులు, వాల్యూమ్ మార్పులు, ఎఫెక్టులు అన్నీ ఇందులో ఉంటాయి. మూడోది మిక్స్, అంటే బయటికి తీసిన పాట. యూట్యూబ్‌కు ఒకటి, డీజే వర్షన్ ఒకటి, రీల్స్ కోసం ముప్పై సెకన్లది ఒకటి, కరోకే ఒకటి.

మిక్స్ పోతే ప్రాజెక్ట్ నుంచి మళ్లీ తీయవచ్చు. ప్రాజెక్ట్ పోతే ముడి ఫైళ్లతో ఒకటి రెండు రోజులు కూర్చుని మళ్లీ కట్టవచ్చు. ముడి ఫైల్ పోతే చేసేదేమీ లేదు. విలువ ఈ వరుసలో ఉంటే మనం కాపాడేది తలకిందులుగా ఉంది. ఎంపీ3 మాత్రం వాట్సాప్‌లో, పెన్‌డ్రైవ్‌లో, నలుగురి ఫోన్లలో ఉంటుంది. ముడి ఫైల్ ఒక్క ల్యాప్‌టాప్‌లో ఉంటుంది, డిస్క్ నిండిందని మొట్టమొదట డిలీట్ చేసేదీ దాన్నే.

ప్రాజెక్ట్ ఫైల్ గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. పహాణీ అందరికీ తెలుసు. సర్వే నంబరు, విస్తీర్ణం, ఎవరి పేరున ఉందన్నది అందులో రాసి ఉంటుంది, భూమి మాత్రం ఊళ్లోనే ఉంటుంది. చాలా రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లలో ప్రాజెక్ట్ ఫైల్ కూడా అంతే. 'ఫలానా డ్రైవ్‌లో, ఫలానా ఫోల్డర్‌లో ఉన్న ఫలానా వేవ్ ఫైల్‌ను 12వ సెకను నుంచి 19వ సెకను వరకు ఇక్కడ వాయించు' అని మాత్రమే అందులో ఉంటుంది. రీపర్ ప్రాజెక్ట్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ఈ రాత కళ్లకు కనిపిస్తుంది కూడా. అందుకే అది కొన్ని కేబీల్లోనో ఎంబీల్లోనో ఉంటుంది. ఆ చిన్న ఫైల్‌ను ఒక్కదాన్నే పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఇంకో స్టూడియోకు మిక్సింగ్‌కు తీసుకెళ్తే అక్కడ పాట తెరుచుకోదు.

అదే ప్రాజెక్ట్‌లోకి డెస్క్‌టాప్ మీద నుంచి ఒక డప్పు లూప్, డౌన్‌లోడ్స్ నుంచి ఒక ఫ్లూట్ బిట్, పెన్‌డ్రైవ్ నుంచి ఒక కోరస్ లాగి వేస్తే, అవి ఎక్కడివి అక్కడే ఉంటాయి. పెన్‌డ్రైవ్ తీయగానే కోరస్ పోతుంది. డౌన్‌లోడ్స్ ఖాళీ చేయగానే ఫ్లూట్ పోతుంది. ఇలా జరగకుండా అన్నింటినీ ఒకచోటికి చేర్చే ఏర్పాటు దాదాపు ప్రతి సాఫ్ట్‌వేర్‌లో ఉంది. రీపర్‌లో ప్రాజెక్ట్‌ను 'సేవ్ యాజ్' చేసేటప్పుడు మీడియా అంతా ప్రాజెక్ట్ ఫోల్డర్‌లోకి కాపీ చేయమనే టిక్ ఉంటుంది. ఏబుల్టన్ లైవ్‌లో 'కలెక్ట్ ఆల్ అండ్ సేవ్' అంటారు. క్యూబేస్‌లో ఫైల్ మెనూలో 'బ్యాకప్ ప్రాజెక్ట్' ఉంది. ఎఫ్ఎల్ స్టూడియోలో 'జిప్డ్ లూప్ ప్యాకేజ్'గా ఎక్స్‌పోర్ట్ చేయవచ్చు. పాట పూర్తయిన రోజు ఈ ఒక్క పని చేస్తే సగం టెన్షన్ తీరుతుంది.

ఆడాసిటీ వాడేవాళ్లు ఇంకో విషయం గుర్తుంచుకోవాలి. 2021 మార్చిలో 3.0 వెర్షన్ రాకముందు ఆడాసిటీ ప్రాజెక్ట్ అంటే ఒక చిన్న ఫైల్, దాని పక్కనే అదే పేరుతో ఒక డేటా ఫోల్డర్. ఆ ఫోల్డర్‌లో ఆడియో వందల చిన్న ముక్కలుగా ఉండేది. ఈ రెండూ విడిపోతే పాట పోయినట్టే. 3.0 నుంచి అంతా ఒకే ఫైల్‌లోకి వచ్చింది. ఇది మేలే, కానీ ప్రాజెక్ట్ తెరిచి ఉండగా ఆ ఫైల్‌ను కాపీ చేయకూడదు. అప్పుడే చేసిన మార్పులు పక్కనున్న తాత్కాలిక ఫైల్‌లో ఉంటాయి, ఇంకా అసలు ఫైల్‌లో కలిసి ఉండవు. మూసేసి కాపీ చేయాలి.

ఇక ఫోల్డర్. ఒక పాటకు ఒక ఫోల్డర్ చాలు. పైన పెద్ద ఫోల్డర్ సంవత్సరం పేరుతో, లోపల ఒక్కో పాటకు ఒక్కోటి. పాట ఫోల్డర్ పేరు తేదీతో మొదలుపెట్టాలి. అదీ సంవత్సరం, నెల, రోజు వరుసలో, '2025-09-12-నర్సంపేట-కోలాటం' అన్నట్టు. మనకు అలవాటైన రోజు-నెల-సంవత్సరం వరుసలో పెడితే జనవరి 12, సెప్టెంబర్ 12 పక్కపక్కన వచ్చి కూర్చుంటాయి. సంవత్సరం ముందుంటే కంప్యూటర్ అక్షర క్రమంలో పెట్టినా కాలక్రమమే వస్తుంది. అంకెలకు ముందు సున్నా పెట్టడం కూడా ఇందుకే. టేక్ 2 కంటే టేక్ 10 ముందు చూపించే ప్రోగ్రాములు ఇంకా చాలా ఉన్నాయి. 02, 10 అని రాస్తే ఎక్కడైనా వరుస తప్పదు.

పాట ఫోల్డర్ లోపల ముడి రికార్డింగులకు ఒకటి, ప్రాజెక్ట్‌కు ఒకటి, మిక్సులకు ఒకటి. సింగర్‌కో ఛానెల్ వాళ్లకో పంపినవి విడిగా ఇంకోదాంట్లో ఉంటే మంచిది, ఎవరికి ఏ వర్షన్ వెళ్లిందో వివాదం రాదు. అంతకంటే లోతుకు వెళ్లకండి. ఫోల్డర్‌లో ఫోల్డర్, దానిలో ఇంకో ఫోల్డర్ అని పెంచితే విండోస్‌లో చాలా ప్రోగ్రాములు మొత్తం దారి 260 అక్షరాలు దాటగానే ఫైల్ తెరవడానికే మొరాయిస్తాయి. మూడ్‌ను బట్టి, జానర్‌ను బట్టి ఫోల్డర్లు పెట్టే పద్ధతి నాకు నచ్చదు. ఒకే పాట బతుకమ్మ పాటా అవుతుంది, కోలాటం పాటా అవుతుంది, ఆరు నెలల తర్వాత ఎందులో పెట్టామో గుర్తుండదు. తేదీ, ఊరు మారవు.

'ఫైనల్' అన్న మాటను ఫైల్ పేరులోకి రానివ్వకండి. పాట విడుదలయ్యే దాకా ఫైనల్ అనేది ఉండదు, విడుదలయ్యాక కూడా ఉండకపోవచ్చు. మిక్స్ 01, మిక్స్ 02 అని అంకె పెంచుకుంటూ పోవాలి. విడుదల చేసిన దాన్ని 'పంపినవి' ఫోల్డర్‌లో పెడితే అదే ఫైనల్.

ముడి ఫైళ్ల పేర్ల విషయంలో చిన్న అలవాటు పెద్ద మేలు చేస్తుంది. రికార్డ్ నొక్కే ముందే ట్రాక్‌కు పేరు పెట్టాలి. చాలా సాఫ్ట్‌వేర్లు ట్రాక్ పేరునే ఫైల్‌కు పెడతాయి. 'లీడ్ గొంతు', 'డప్పు ఎడమ', 'కోరస్ 1' అని ముందే రాస్తే ఫైళ్లు ఆ పేర్లతోనే పుడతాయి. రాయకపోతే 'ఆడియో 01', 'ఆడియో 02' అని వందలకు వందలు తయారవుతాయి, వాటిలో డప్పు ఏదో తెలియాలంటే ఒక్కొక్కటీ వినాల్సిందే. రికార్డ్ అయ్యాక పేరు మార్చాలనుకుంటే సాఫ్ట్‌వేర్ లోపలి నుంచే మార్చాలి. విండోస్‌లో నేరుగా మార్చితే ప్రాజెక్ట్‌కు ఆ ఫైల్ కనిపించకుండా పోతుంది.

ఫైల్ పేర్లు తెలుగులో పెట్టవచ్చా అని చాలామంది అడుగుతారు. ఇప్పటి విండోస్, ఆండ్రాయిడ్, మ్యాక్ అన్నీ తెలుగు పేర్లను చూపిస్తాయి. కానీ ఆడియో ఫైళ్లు ఒక కంప్యూటర్‌లోనే ఉండవు. పాత జిప్ ప్రోగ్రాముల్లో, కొన్ని రికార్డర్లలో తెలుగు పేరు గజిబిజి గుర్తులుగా మారిపోతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. లినక్స్‌లో పేరు 255 బైట్లకు మించకూడదు, ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు పడుతుంది. 'క్ష్మి' లాంటి ఒక్క అక్షరంలోనే క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని ఆరు గుర్తులు ఉన్నాయి, అంటే 18 బైట్లు. పాట మొదటి లైను మొత్తం పేరుగా పెడితే అక్కడికే నిండిపోతుంది. అందుకని ఫైల్, ఫోల్డర్ పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, పొట్టిగా పెట్టండి. ఈ వ్యాసంలో నేను తెలుగులో రాసిన ఉదాహరణలు కూడా కంప్యూటర్‌లో ఇంగ్లీషులోనే కొట్టాలి. ఖాళీలకు బదులు గీత పెట్టండి. ప్రశ్న గుర్తు, కోలన్, స్లాష్ లాంటివి విండోస్ ఒప్పుకోదు.

మరి తెలుగు ఎక్కడ? ప్రతి పాట ఫోల్డర్‌లో 'వివరాలు' అని ఒక నోట్‌ప్యాడ్ ఫైల్ పెట్టి, అందులో తెలుగులో రాయండి, తెలుగు అక్షరాలు చెడకుండా ఉంచే యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో సేవ్ చేయండి. పాట పూర్తి సాహిత్యం, పాడినవాళ్ల పేర్లు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, శృతి, టెంపో, ఏ మైక్, ఏ రోజు, డబ్బు ఒప్పందం ఏమిటి, యూట్యూబ్‌లో పెట్టడానికి ఒప్పుకున్నారా లేదా. బతుకమ్మ అన్న మాటను ఇంగ్లీషులో ఒకరు హెచ్‌తో, ఒకరు హెచ్ లేకుండా, ఒకరు రెండు టీలతో కొడతారు, వెతికితే దొరకదు. వివరాల ఫైల్‌లో తెలుగులో ఉంటే స్పెల్లింగ్ గొడవే లేదు.

ఈ వివరాల ఫైల్ అన్నింటికంటే అవసరమయ్యేది పెద్దవాళ్ల గొంతులు రికార్డ్ చేసినప్పుడు. వరంగల్, జనగామ, ములుగు, భూపాలపల్లి ఊళ్లలో నాట్లు వేస్తూ పాడిన పాటలు, తిరగలి దగ్గర పాడిన పాటలు, ఒగ్గు కథలు ఇంకా నోటికి వచ్చినవాళ్లు ఉన్నారు. ఏటేటా తగ్గిపోతున్నారు. జనగామ జిల్లా మాణిక్యపురం నుంచి వచ్చి ఒగ్గు కథను దేశమంతా వినిపించిన చుక్క సత్తయ్య 2017లో కన్నుమూశారు. కోయ డోలు కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో ఆయనా వెళ్లిపోయారు. ఇంత పేరు రానివాళ్ల గొంతులు వాళ్ల మనవళ్ల ఫోన్లలో, మన హార్డ్ డిస్కుల్లో మాత్రమే ఉన్నాయి.

అలాంటి రికార్డింగ్‌లో పాట మొదలు కాకముందు, చరణాల నడుమ అవ్వ మాట్లాడే మాటలు ఉంటాయి. "ఇది మా అత్త పాడేది బిడ్డా, నాటేసేటప్పుడు పాడితే నడుము నొప్పి తెల్వకపోయేది. గీ మాట దగ్గర అందరు కలుస్తరు, ఆగు, మళ్ల అంట." ఎడిటింగ్‌లో ఇదంతా వేస్ట్ అని కోసేస్తాం. పాటకు అది అక్కర్లేదు, నిజమే. కానీ పాట ఎక్కడిది, ఎప్పుడు పాడతారు, కోరస్ ఎక్కడ అందుకుంటుంది అన్నది ఆ మాటల్లోనే ఉంది. ఎడిటింగ్ అంతా ప్రాజెక్ట్‌లో చేయండి, అసలు ఫైల్ అలాగే ఉంటుంది. ముందూ వెనకా కోసి అసలు ఫైల్ మీదే సేవ్ చేసే చిన్న ఆడియో కట్టర్లతో ముడి ఫైల్‌ను ముట్టుకోవద్దు. ముడి ఫోల్డర్‌లోని ఫైళ్లకు రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో 'రీడ్ ఓన్లీ' టిక్ పెట్టండి, పొరపాటున దాని మీదే సేవ్ చేయబోతే అడ్డు పడుతుంది.

టేకుల సంగతికి వస్తే, స్టూడియో పాటలో తప్పు పాడిన టేకులు తీసేయవచ్చు. లీడ్ సింగర్ మంచి టేకులు రెండు మూడు ఉంచండి, ఒక మాట బాగు చేయాలంటే పనికొస్తాయి. పెద్దవాళ్ల రికార్డింగుల్లో మాత్రం ఏ టేక్‌నూ తీయకండి. రెండోసారి పాడినప్పుడు మారిన మాట తప్పు కాకపోవచ్చు, అది ఆ పాటకున్న ఇంకో పాఠం కావచ్చు.

ఇక సైజు. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ మోనో ట్రాక్ నిమిషానికి 8.64 ఎంబీ తీసుకుంటుంది. సెకనుకు 48,000 శాంపిళ్లు (ధ్వని కొలతలు), ఒక్కోదానికి 3 బైట్లు, లెక్క ఇంతే. 5 నిమిషాల పాటలో 12 ట్రాకులు ఉంటే 518 ఎంబీ. టేకులు, కోరస్‌లు కలిపితే ఒక జీబీ దాటడం మామూలే. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలో జీమెయిల్, ఫోటోలు కూడా ఉంటాయి కాబట్టి పది పాటలకే అది నిండుతుంది. అలాగని బిట్లు తగ్గించి, ఎంపీ3లో రికార్డ్ చేయడం తప్పు దారి. ఎంపీ3 చేసేటప్పుడు పారేసిన ధ్వని మళ్లీ రాదు. దాన్ని ఎడిట్ చేసి మళ్లీ ఎంపీ3 చేస్తే ఇంకొంత పోతుంది. స్థలం నిజంగా సమస్య అయితే పాత రా ఫైళ్లను ఫ్లాక్ అనే ఫార్మాట్‌లోకి మార్చండి. ఇందులో ఒక్క శాంపిల్ కూడా పోదు, సైజు మాత్రం బాగా తగ్గుతుంది, కావాలంటే మళ్లీ వేవ్‌గా తెచ్చుకోవచ్చు.

రాత్రంతా సాగే ఒగ్గు కథను రికార్డర్ పెట్టి పట్టుకునేవాళ్లకు ఇంకో లెక్క ఉంది. మామూలు వేవ్ ఫైల్ తన సైజును 32 బిట్ల అంకెలో రాసుకుంటుంది, కాబట్టి 4 జీబీ దాటలేదు. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ స్టీరియోలో అది సుమారు 4 గంటల 8 నిమిషాలు. అందుకే రికార్డర్లు 2 జీబీకో 4 జీబీకో ఫైల్‌ను తెంచి కొత్తది మొదలుపెడతాయి. మంచి రికార్డర్‌లో ఈ తెగిన చోట ఏమీ పోదు, ముక్కలను వరుసగా ఒకదాని అంచుకు ఒకటి పెడితే అతుక్కుంటాయి. వాటి పేర్లు మార్చితే వరుస పోతుంది. మొత్తాన్నీ ఒక ఫోల్డర్‌లో వేసి ఫోల్డర్‌కు పేరు పెట్టండి, ముక్కల పేర్లు రికార్డర్ ఇచ్చినవే ఉండనివ్వండి. రికార్డర్‌లో తేదీ, టైమ్ సరిగా ఉన్నాయో లేదో బయలుదేరే ముందే చూసుకోండి. బ్యాటరీ తీసిపెడితే కొన్ని మోడళ్లు ఎప్పటిదో పాత తేదీకి పోతాయి.

నడుమ కరెంటు పోయి రికార్డర్ ఆగిపోతే ఫైల్ సున్నా నిమిషాలని చూపించవచ్చు. కంగారుపడి డిలీట్ చేయకండి, కార్డును ఫార్మాట్ చేయకండి. తన నిడివిని వేవ్ ఫైల్ మొదట్లోనే రాసుకుంటుంది. ఆ అంకెను చాలా పరికరాలు రికార్డింగ్ ఆపినప్పుడు నింపుతాయి. మధ్యలో ఆగితే ఆ అంకె నిండదు, ఆడియో మాత్రం చాలావరకు అక్కడే ఉంటుంది. ఫైల్ సైజు వందల ఎంబీలు చూపిస్తుంటే ఆడాసిటీలో ఇంపోర్ట్ మెనూలోని 'రా డేటా' ద్వారా తెరిచి 24 బిట్, 48,000, స్టీరియో అని రికార్డ్ చేసిన సెట్టింగునే మనం చెప్పాలి. ఒట్టి గోల వినిపిస్తే 'స్టార్ట్ ఆఫ్‌సెట్' అంకెను ఒక్కొక్కటి పెంచి చూస్తే చాలాసార్లు పాట వినిపిస్తుంది.

శాంపిల్ రేట్ కలవకపోవడం ఇంకో రకం తలనొప్పి. వీడియో పని అంతా 48,000లో నడుస్తుంది, పాత సీడీల కాలపు లూపులు, కరోకేలు 44,100లో ఉంటాయి. సాఫ్ట్‌వేర్ తనంతట తాను మార్చుకుంటే సరే. మార్చుకోకపోతే 48,000లో పాడిన 5 నిమిషాల గొంతు 44,100 ప్రాజెక్ట్‌లో దాదాపు 5 నిమిషాల 27 సెకన్లు సాగుతుంది, శృతి ఒకటిన్నర స్వరస్థానం కిందికి దిగుతుంది. సింగర్ శృతి తప్పిందని పిట్చ్ కరెక్షన్‌తో కుస్తీ పట్టే ముందు ఈ రేటు చూడండి. ఇంట్లో అన్ని ప్రాజెక్టులకూ 48,000 అని ఒక్కటే నియమం పెట్టుకుంటే గొడవ తీరిపోతుంది. వివరాల ఫైల్‌లో ఈ అంకె కూడా రాయండి.

ఇప్పుడు చాలా పాటల్లో లీడ్ ఒక ఊరిలో, కోరస్ ఇంకో ఊరిలో పాడుతున్నారు. కరీంనగర్‌లో ఉన్న సింగర్‌కు ట్రాక్ పంపితే ఆమె ఫోన్‌లో పాడి వాట్సాప్ చేస్తుంది. వాయిస్ మెసేజ్‌గా పంపితే అది మాటల కోసం బాగా కుదించిన ఆడియో, పాటకు పనికిరాదు. "అక్కా, రికార్డర్ యాప్‌ల వేవ్ అని పెట్టి పాడు. వాయిస్ మెసేజ్ కొట్టకు, క్లిప్ గుర్తు నొక్కి డాక్యుమెంట్ కింద పంపు" అని ముందే చెప్పాలి. డాక్యుమెంట్‌గా వస్తే ఫైల్ ఉన్నది ఉన్నట్టే వస్తుంది. ఆడియోగా పంపితే వాట్సాప్ దానికి తేదీ, వరుస నంబరుతో తన పేరు తగిలిస్తుంది, ఎవరి గొంతో తర్వాత తెలియదు. వచ్చిన వెంటనే పాట ఫోల్డర్‌లోకి వేసి పేరు పెట్టాలి.

ఇంకా ఒక సూక్ష్మం ఉంది. ట్రాక్‌ను ఎంపీ3గా మార్చినప్పుడు మొదట్లో కొన్ని పదుల మిల్లీసెకన్ల నిశ్శబ్దం చేరవచ్చు. ఆమె దానికి పాడి పంపిన గొంతును మన ప్రాజెక్ట్‌లో సున్నా దగ్గర పెడితే తాళానికి కొంచెం వెనకబడుతుంది, చెవికి ఏదో తేడా అనిపిస్తుంది గానీ ఏమిటో అంతు చిక్కదు. పంపే ట్రాక్ మొదట్లో నాలుగు క్లిక్కులు పెట్టండి, మొదటి క్లిక్‌కు ఆమెను ఒక చప్పట్లు కొట్టి పాడమనండి. ఆ చప్పట్లను క్లిక్‌తో కలిపితే మిగతాది దానంతటదే కుదురుతుంది.

బ్యాకప్‌కు ప్రపంచమంతా చెప్పే నియమం మూడు, రెండు, ఒకటి. మూడు కాపీలు, రెండు రకాల పరికరాల్లో, ఒకటి ఇంటి బయట. చివరిదాన్ని మనవాళ్లు పట్టించుకోరు. ల్యాప్‌టాప్ టేబుల్ మీద, హార్డ్ డిస్క్ అదే టేబుల్ సొరుగులో ఉంటే దొంగతనానికి, నీళ్లకు, పిడుగుకు అవి రెండూ ఒకటే. 2023 జూలైలో మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మునిగింది, ఆ రోజుల్లోనే వరంగల్ నగరంలో ఎన్నో కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. ఒక హార్డ్ డిస్క్‌ను అక్క ఇంట్లోనో, స్నేహితుడి స్టూడియోలోనో పెట్టి, నెలకోసారి మార్చుకుంటే ఆ 'ఒకటి' పూర్తవుతుంది. ఇద్దరు స్టూడియోల వాళ్లు ఒకరి డిస్క్ ఒకరు దాచిపెడితే ఖర్చు కూడా ఉండదు.

గూగుల్ డ్రైవ్ లాంటి వాటితో సింక్ చేయడం బ్యాకప్ కాదు. ఇక్కడ డిలీట్ చేస్తే అక్కడా డిలీట్ అవుతుంది, ట్రాష్‌లో కొన్నాళ్లే ఉంటుంది. ఎస్ఎస్‌డీ పని చేయడానికి మంచిది. కరెంటు లేకుండా ఏళ్ల తరబడి బీరువాలో పెడితే అందులోని డేటా చెరిగిపోయే ప్రమాదం ఉంది, కాబట్టి దాచిపెట్టడానికి మామూలు హార్డ్ డిస్క్ తీసుకుని అప్పుడప్పుడు తిప్పి చూడండి. పెన్‌డ్రైవ్‌ను ఇచ్చిపుచ్చుకోవడానికి తప్ప దాచడానికి నమ్మవద్దు. కార్డు నుంచి ఫైళ్లు తెచ్చేటప్పుడు కట్ చేయకండి, కాపీ చేయండి. టెరాకాపీ లాంటి ప్రోగ్రామ్ కాపీ అయ్యాక రెండు చోట్లా ఫైల్ ఒకటేనా అని చెక్‌సమ్‌తో, అంటే ఫైల్ లోపలి డేటా నుంచి లెక్కకట్టే ఒక అంకెతో, సరిచూస్తుంది. రెండు కాపీలు అయ్యాకే కార్డు ఖాళీ చేయాలి.

పాట పని పూర్తిగా ముగిశాక చేయాల్సింది ఒకటుంది, చాలామంది వదిలేసేదీ అదే. పదేళ్ల తర్వాత ఈ సాఫ్ట్‌వేర్, ఈ ప్లగిన్‌లు (ఎఫెక్టుల కోసం జోడించే చిన్న ప్రోగ్రాములు) ఉంటాయన్న గ్యారంటీ లేదు. అందుకని ప్రతి ట్రాక్‌నూ పాట మొదటి సెకను నుంచి చివరి దాకా ఒకే నిడివి వేవ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టాలి. గొంతు రెండో నిమిషంలో మొదలైనా ఫైల్ మాత్రం సున్నా నుంచే ఉండాలి, ముందు నిశ్శబ్దం ఉంటే ఉండనీ. అప్పుడు ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా అన్నింటినీ సున్నా దగ్గర పడేస్తే పాట కుదురుకుంటుంది. వీటిని మల్టీట్రాక్స్ అంటారు. డప్పులన్నీ కలిపి ఒకటి, కోరస్ అంతా కలిపి ఒకటి చేస్తే అవి స్టెమ్స్. డీజేకు, స్టేజ్ షోకు స్టెమ్స్ చాలు. దాచడానికి మల్టీట్రాక్స్ కావాలి.

ఇప్పటికే హార్డ్ డిస్క్ నిండా చిందరవందరగా ఉన్నవాళ్లు ఒక్కసారిగా అన్నీ సర్దాలని కూర్చోకండి. మొదట మొత్తం డిస్క్‌ను ఉన్నది ఉన్నట్టు కొత్త డిస్క్‌లోకి కాపీ చేసి, పాతదాన్ని తీసి పక్కన పెట్టండి. ఇవాళ్టి నుంచి చేసే పాటలు కొత్త పద్ధతిలో నడపండి. పాతవాటిలో ముందు పెద్దవాళ్ల రికార్డింగులు బయటికి తీయండి. ఎవరి గొంతో తెలియని ఫైల్ ఉంటే ఆ ఊరివాళ్లను కూర్చోబెట్టి వినిపించండి, గుర్తుపట్టినవాళ్లు చెప్పింది అప్పుడే వివరాల ఫైల్‌లో రాయండి. తెర మీద ధ్వని గీతలు త్వరగా చూపించడానికి సాఫ్ట్‌వేర్ రాసుకునే, వేవ్ ఫైళ్ల పక్కన కనిపించే పీక్ ఫైళ్లను నిశ్చింతగా తీసేయవచ్చు, సాఫ్ట్‌వేర్ మళ్లీ తయారు చేసుకుంటుంది. డూప్లికేట్లు తీసే ప్రోగ్రాముల జోలికి అన్నింటికంటే చివర్లో వెళ్లండి, అదీ పేరును చూసి కాకుండా ఫైల్ లోపలి డేటాను పోల్చి చూసేదైతేనే. 'ఆడియో 01' అన్న పేరు ప్రతి ప్రాజెక్ట్‌లోనూ ఉంటుంది, లోపల ఉన్న గొంతు ఒక్కోటి వేరు.